ఇచ్చినదీ, అందినదీ

బి.ఏ. విద్యార్థులకు శాసన వాఙ్మయం చెప్పేటప్పుడు నేను మల్కాపురం శాసనాన్ని తప్పక తీసుకుంటాను. క్రీ.శ. 1261 నాటిది. కాకతి గణపతిదేవుడు మందడం గ్రామాన్నీ, రుద్రమదేవి వెలగపూడి గ్రామాన్నీ గురువైన విశ్వేశ్వర శంభువుకు ధారపోశారు. ఆయన ఆ రెంటినీ కలిపి అగ్రహారం చేసి, గుడితోబాటు మఠం, సత్రం, పాఠశాల, ఆరోగ్యశాల, ప్రసూతిశాల నెలకొల్పాడు. వైద్యుడికీ, లెక్క రాసే కాయస్థుడికీ జీవనం ఏర్పాటు చేశాడు. దాతల సొమ్ముతో తెలుగుదేశంలో నడిచిన ఆరోగ్య కార్యక్రమాలకు మనకు దొరుకుతున్న పాత సాక్ష్యాలలో ఇదొకటి. (ఆ వెలగపూడిలోనే ఇవాళ ఆంధ్రప్రదేశ్ సచివాలయం వుంది. కాకతాళీయం అనే మాట ఇక్కడ బాగానే అతుకుతుంది.)

పోయినేడు ఈ పాఠం నడుస్తుండగా కుభీరు వైపు నుంచి బస్సులో వచ్చే ఒక అమ్మాయి లేచి, "మేడం, ఆ ప్రసూతిశాలల ఎన్ని కాన్పులైనయో, తల్లీపిల్లలు ఎంతమంది బతికిండ్రో గూడ రాసిండ్రా?" అని అడిగింది.

రాయలేదు. రాయరు కూడా. దానశాసనానికి ఒక పద్ధతి వుంది. మొదట దాత వంశ ప్రశస్తి, తర్వాత ఇచ్చిన భూమి, దాని ఎల్లలు, ఆ తర్వాత ఆచంద్రార్కం సాగవలెనన్న మాట, చివర ఈ ధర్మాన్ని చెరిచినవాడు పురుగై పుడతాడనే శాపం. సాక్షులు సూర్యచంద్రులు. ఆరోగ్యశాలలో ఎవరికి జ్వరం తగ్గింది, ఎవరికి తగ్గలేదు అనేది సూర్యచంద్రులు చూసే వుంటారుగాని రాతి మీదికి ఎక్కలేదు. మన కావ్యాల్లోనూ అంతే. బలి, శిబి, కర్ణుడు వీరంతా ఏమి పోగొట్టుకున్నారన్నదే కథ. శిబి కోసి ఇచ్చిన మాంసంతో డేగ కడుపు నిండిందో లేదో ఏ కవీ కనుక్కోలేదు. దానం అనేది ఇచ్చే క్షణంలోనే పూర్తయిపోయే క్రియ. పుచ్చుకున్నవాడి మర్నాటి బతుకు దాని పరిధిలోకి రాదు.

నేటి దాత ఇంత ఉదాసీనుడు కాడని మనం అనుకుంటాం. అమెరికన్ ఫౌండేషన్లు, ప్రపంచ బ్యాంకు, బ్రిటిష్ ప్రభుత్వం, మందుల కంపెనీలు, ఇవన్నీ డబ్బుతోబాటు నమూనా పత్రాలను కూడా పంపిస్తాయి. నెలనెలా నివేదిక కావాలంటాయి. ఈ పనికి మనం పెట్టుకున్న పేరు పర్యవేక్షణ. తెలుగు పంతులమ్మను గనక మాట విడదీసి చూడకుండా వుండలేను. పరి, అవ, ఈక్షణ. చుట్టూ, కిందికి, చూడటం. అంటే పైన నిలబడి కిందికి చూడటమన్న అర్థం ఆ మాటలోనే వుంది. కింద వున్నవాడు పైకి చూసే చూపుకు మన ఆఫీసుల భాషలో పేరే లేదు. ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకున్నది ఈ లోటు గురించే. ఇది భాషకు సంబంధించిన లోటు కాదని తెలిసే చెబుతున్నాను.

నేను పుట్టి పెరిగింది పాత కరీంనగర్ జిల్లాలో. బోదకాలు మా ప్రాంతంలో ఇంటి చుట్టం లాంటిది. మా పెద్దమ్మకు ఎడమకాలు మోకాలి దాకా వాచి, చర్మం చింతబెరడులాగా అయి వుండేది. ఏటా వర్షాకాలంలో జ్వరంతో పడుకునేది. పెళ్ళిళ్ళకు పోయినా వెనక వరసలో, కాలిని చీర కుచ్చిళ్ళ కింద దాచుకుని కూర్చునేది. ఆ జబ్బును నిర్మూలించడానికి ఊరందరికీ ఏడాదికొకసారి మాత్రలు మింగించే కార్యక్రమం దేశమంతటా 2004లో మొదలయింది. డి.ఇ.సి. మాత్రలు పెద్దవాళ్ళకు మూడు, ఆల్బెండజోల్ ఒకటి. ఈ ఆల్బెండజోల్‌ను ప్రపంచ ఆరోగ్య సంస్థ ద్వారా ఉచితంగా సరఫరా చేస్తానని 1998లోనే స్మిత్‌క్లైన్ బీచమ్ కంపెనీ మాట ఇచ్చింది. మొత్తం జనాభాలో నూటికి 65 మందైనా వరసగా కొన్నేళ్ళు మింగితే నెత్తుట్లోని సూక్ష్మక్రిములు తగ్గి, దోమ ఒకరి నుంచి ఇంకొకరికి మోసుకుపోవటం ఆగిపోతుందని శాస్త్రం. ఆ శాస్త్రంలో తప్పు లేదు.

ఇక్కడికి రెండేళ్ళ ముందు నేను కరీంనగర్ వైపు ఒక కళాశాలలో పనిచేస్తూ ఎన్.ఎస్.ఎస్. బాధ్యత చూసేదాన్ని. మాత్రలు పంచిన పది రోజులకు మా పిల్లలను తీసుకుని ఒక ఊళ్ళో ఇల్లిల్లూ తిరిగాం. ఎవరో పంపలేదు, మేమే పోయాం. అప్పుడు ఒక కుర్రవాడు నన్ను అడిగిన ప్రశ్న: "మేడం, గోలీలు ఇచ్చిండ్రా అని అడగాల్నా, మింగిండ్రా అని అడగాల్నా?" రెండూ అడగమన్నాను. ఇచ్చారా అంటే దాదాపు ప్రతి ఇంటా ఇచ్చారనే జవాబు. మింగారా అంటే మాట నెమ్మదించేది. ఒక ముసలమ్మ లేచి గోడలోని దీపపు గూట్లో నుంచి కాగితం పొట్లం తీసి చూపింది. "ఆశమ్మ వచ్చినప్పుడు నేను నాటుకు పోతున్న బిడ్డా. పరిగడుపున మింగొద్దన్నది. మాపటికి మింగుదమనుకున్న. మాపటికి మా కోడలు, పోయిన తాప మింగితె కండ్లు తిరిగి పడ్డది యాదిజేసింది. గూట్ల వెట్టిన." ఇంకొక ఇంట్లో మాత్రలు పిల్లవాడి పలక కింద, మరొక ఇంట్లో బియ్యం డబ్బా మూత మీద.

ఆ ఊరి ఆశా కార్యకర్త దగ్గర వున్న పుస్తకంలో వీళ్ళందరి పేర్ల ఎదురుగా టిక్కు వుంది. ఆమె అబద్ధం రాసిందని నేనను. గడిలో అడిగింది "ఇవ్వబడినది" అని. ఆమె ఇచ్చింది, టిక్కు పెట్టింది. కళ్ళెదుట మింగించాలన్న నిబంధన కాగితం మీద వుంది. మూడు నాలుగు రోజుల్లో అన్ని వందల ఇళ్ళు, ఒక్కొక్క గడపలో ఇంటిల్లిపాదీ అన్నం తిని వచ్చేదాకా నిలబడటానికి ఆమెకు దొరికే పారితోషికం ఏపాటిదో అందరికీ తెలిసిందే. అయితే ఆ టిక్కులన్నీ మండలంలో కూడి, జిల్లాలో కూడి, ఢిల్లీకి, జెనీవాకు ప్రయాణం చేస్తాయి. అక్కడికి చేరేసరికి "ఇవ్వబడినది" అనే మాట "మింగబడినది"గా మారివుంటుంది. ఎక్కడ మారిందో ఎవరూ చెప్పలేరు. బోదకాలును 2015 నాటికి తొలగిస్తామని 2002 జాతీయ ఆరోగ్య విధానంలో రాసుకున్నాం. ఆ గడువు 2017కు, 2020కి, 2021కి జరిగి ఇప్పుడు 2027 దగ్గర వుంది. ఈ జరుగుబాటులో మా ముసలమ్మ దీపపు గూటికి కూడా పాలు వుంది.

నిజం తెలుసుకునే మార్గం లేక కాదు. ఈ క్రిమి రాత్రిపూట మాత్రమే పైనెత్తురులోకి వస్తుంది గనక రాత్రి పది దాటాక ఇల్లిల్లూ తిరిగి వేలి చివర నెత్తురు బొట్టు తీసి అద్దం మీద పరీక్షిస్తారు. నిద్రలో లేపి నెత్తురడిగితే ఎవరు మాత్రం సంతోషంగా చేయి చాపుతారు? అయినా నిజం ఆ రాత్రి బొట్టులో వుంది, పగటి టిక్కులో లేదు. దాతకు పగటి టిక్కు తొందరగా అందుతుంది.

ఇది మన ఊళ్ళ అమాయకత్వమని అనుకునేవారి కోసం రెండు ఉదాహరణలు చెబుతాను. 2000లో ఏర్పడిన గావి అనే అంతర్జాతీయ టీకాల కూటమి, పేద దేశాలు కిందటి కంటే అదనంగా ఎంతమంది బిడ్డలకు టీకాలు వేయిస్తే తలకు 20 డాలర్ల చొప్పున ఇస్తానని పథకం పెట్టింది. 2008 డిసెంబరులో లాన్సెట్ వైద్య పత్రికలో ఒక పరిశోధన వచ్చింది. ప్రభుత్వాలు పంపిన లెక్కల ప్రకారం అదనంగా టీకా పొందిన బిడ్డలు 1 కోటి 39 లక్షలు. ఇళ్ళకు పోయి తల్లులను అడిగిన సర్వేల ప్రకారం 74 లక్షలు. దాదాపు సగం మంది బిడ్డలు కాగితం మీద పుట్టి కాగితం మీదే టీకా వేయించుకున్నారు. లెక్కకు వెల కట్టినప్పుడు సరఫరా అయ్యేది లెక్కే.

రెండోది అఫ్ఘానిస్తాన్. 2003 నుంచి అక్కడి ప్రాథమిక వైద్యాన్ని దాతల డబ్బుతో స్వచ్ఛంద సంస్థలకు కాంట్రాక్టుకు ఇచ్చారు. ఆ ఆసుపత్రులకు మార్కులు వేసే పనిలో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంతోబాటు మన జైపూరులోని ఆరోగ్య నిర్వహణ పరిశోధన సంస్థ కూడా పాలుపంచుకుంది. ఆ కృషిని నేను చిన్నచూపు చూడటం లేదు, యుద్ధభూమిలో తిరిగి చేసిన పని అది. కాని 2015లో అమెరికా ప్రభుత్వపు సొంత తనిఖీ అధికారి, తమ డబ్బుతో నడుస్తున్న 641 ఆరోగ్య కేంద్రాల అక్షాంశ రేఖాంశాలను పటం మీద పెట్టి చూశాడు. నూటికి 80 దాకా తప్పు. 13 కేంద్రాలు అఫ్ఘానిస్తాన్‌లోనే లేవు. కొన్ని పాకిస్తాన్‌లో, కొన్ని తజికిస్తాన్‌లో, ఒకటి మధ్యధరా సముద్రంలో తేలాయి. సముద్రంలోని ఆ కేంద్రానికి ఎవరైనా గర్భిణి ఎట్లా వెళ్ళివుంటుందో ఊహించుకోవడం నా చేతకాలేదు. కోట్ల డాలర్లు ఇచ్చినవాడికి ఆసుపత్రి ఎక్కడుందో తెలియదు. ఆ ఆసుపత్రి గోడ పక్కన కాపురమున్నవాడికి తెలుసు. వాణ్ణి అడిగే గడి ఆ పత్రంలో వున్నట్టు లేదు.

ఇక ఖమ్మం సంగతికి వస్తాను. ఈ వ్యాసం నాచేత రాయిస్తున్నది నిజానికి అదే.

2009 జూలైలో అప్పటి ఆంధ్రప్రదేశ్‌లోని ఖమ్మం జిల్లాలో భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాలలో 10 నుంచి 14 ఏళ్ళ బాలికలకు గర్భాశయ ముఖ క్యాన్సర్‌ను అడ్డుకునే హెచ్.పి.వి. టీకా వేయడం మొదలుపెట్టారు. డబ్బు బిల్ అండ్ మెలిండా గేట్స్ ఫౌండేషన్‌ది. నడిపింది పాత్ అనే అమెరికన్ సంస్థ, భారత వైద్య పరిశోధన మండలితోనూ రాష్ట్ర ప్రభుత్వంతోనూ కలిసి. టీకా మెర్క్ కంపెనీ ఉచితంగా ఇచ్చిన గార్డసిల్. ఖమ్మంలో సుమారు 14 వేల మంది బాలికలకు వేశారు. గుజరాత్‌లోని వడోదర జిల్లాలో ఇటువంటి కార్యక్రమమే మరొక కంపెనీ టీకాతో జరిగింది. మూడు మోతాదులు. చాలామంది ఆదివాసీ పిల్లలు, ఆశ్రమ పాఠశాలల్లో, హాస్టళ్ళలో వుండి చదువుకునేవాళ్ళు.

కొందరు బాలికలు మరణించారన్న వార్తలు, మహిళా సంఘాలు, ఆరోగ్య కార్యకర్తలు భద్రాచలం వెళ్ళి తెచ్చిన సమాచారం, రాజ్యసభలో బృందా కారత్ వంటివారు లేవనెత్తిన ప్రశ్నలు, వీటి ఒత్తిడితో 2010 ఏప్రిల్‌లో కేంద్రం కార్యక్రమాన్ని నిలిపివేసి విచారణ సంఘాన్ని వేసింది. రెండు రాష్ట్రాల్లో కలిపి ఏడు మరణాలు. ఆ సంఘం 2011లో ఇచ్చిన నివేదిక ప్రకారం ఆ మరణాలకు టీకా కారణమని చెప్పే ఆధారం లేదు. పాముకాటు, నీట మునగడం, పురుగులమందు తాగడం, జ్వరాలు, ఇవీ కారణాలు. 2013 ఆగస్టులో పార్లమెంటు స్థాయీ సంఘం తన 72వ నివేదికలో ఈ వ్యవహారాన్ని చాలా తీవ్రంగా ఖండించింది. ఆ నివేదికలోని ఒక లెక్క నన్ను ఇప్పటికీ వదలదు. ఆంధ్రప్రదేశ్‌లో పరిశీలించిన 9,543 అంగీకార పత్రాలలో 1,948 వేలిముద్రలు. 2,763 పత్రాల మీద హాస్టల్ వార్డెన్ల సంతకాలు.

నేను ఆరు నుంచి పది దాకా సంక్షేమ హాస్టల్లో చదివాను. మా వార్డెనమ్మ మంచి మనిషి. ప్రోగ్రెసు కార్డు మీద ఆమె సంతకం, స్కాలర్‌షిప్ కాగితం మీద ఆమె సంతకం, సెలవు చీటీ మీద ఆమె సంతకం. సూదులు వేయడానికి నర్సమ్మ వచ్చిన రోజున వరసలో నిలబడేవాళ్ళం, చేయి చాపేవాళ్ళం, ఏడ్చినవాళ్ళకు బిస్కెట్ పొట్లం. ఏం సూది అని నేను అడిగిన గుర్తు లేదు. మా అమ్మకు తెలిసే అవకాశం లేదు, ఆమె ఆ వేళకు చాట ఒళ్ళో పెట్టుకుని తునికాకు కత్తిరిస్తూ వుండేది. కాబట్టి ఆ 2,763 అనే అంకె నాకు అంకెలాగా కనిపించదు. ఆ వరసలో నేను నిలబడి వున్నాను, ఎనిమిదేళ్ళు ముందుగా.

వార్డెన్లను తప్పుపట్టి చేతులు దులుపుకోవడం సులువు. సంతకం పెట్టవచ్చునని పైనుంచి కాగితం వస్తే వార్డెన్ పెట్టక ఏంచేస్తాడు? అసలు సంగతి ఇది. ఒక విదేశీ సంస్థ తన సొంత మనుషులతో గూడెంలోకి వచ్చి ఆడపిల్లలకు సూది వేస్తానంటే ఊరు నాలుగు ప్రశ్నలు అడిగేది. వచ్చింది మాత్రం సర్కారు నర్సు, సర్కారు బడి, సర్కారు టీకా పెట్టె, జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్ పేరు. రాజ్యం తన ముఖాన్ని అద్దెకిచ్చింది. పల్స్ పోలియో నాటి నుంచి మన ప్రజలు సర్కారు సూదిపై పెంచుకున్న నమ్మకం అంతా ఒక చిన్న ప్రాజెక్టుకు పెట్టుబడి అయింది. మరి వేసిన తర్వాత ఎవరికి ఏమయిందో వెంటపడి చూసే స్వతంత్రమైన ఏర్పాటు చేసుకున్నారా అంటే, అదే చాలినంతగా లేదని పార్లమెంటు సంఘం తేల్చింది. వేసిన మోతాదుల లెక్క పక్కాగా వుంది. వేయించుకున్న పిల్లకు ఏమయిందన్న లెక్క పక్కాగా లేదు. మల్కాపురం నుంచి భద్రాచలం దాకా మనం ఎంత దూరం వచ్చామో దీన్ని బట్టి తెలుస్తుంది.

ఇక్కడ మనవాళ్ళతో నాకొక పేచీ వుంది. ఖమ్మం మాట ఎత్తగానే మన మిత్రుల్లో కొందరు, ఆ టీకాయే విషమని, సామ్రాజ్యవాదుల కుట్ర అని ఉపన్యాసం మొదలుపెడతారు. ఇటువంటి సభలో నేనూ కూర్చున్నాను, లేచి కాదన్నాను, కొందరికి కోపం వచ్చింది. టీకా మంచిదే. గర్భాశయ ముఖ క్యాన్సర్ పేద స్త్రీల జబ్బు. చిన్న వయసు పెళ్ళి, వరస కాన్పులు, పరీక్ష చేయించుకునే తీరిక లేకపోవడం, నెత్తురు కనిపించినా చెప్పుకోలేని సిగ్గు, ఇవన్నీ కలిసి దాన్ని మన తల్లుల మీదికి తోలతాయి. మా విద్యార్థి ఒకడి తల్లి, బీడీలు చుట్టి ఇద్దరిని చదివించిన మనిషి, నొప్పి భరించలేక హైదరాబాదు పెద్ద దవాఖానకు పోయేసరికి జబ్బు మూడో దశ దాటింది. ఆ టీకా తీసుకోవద్దని ఆమె కూతురికి నేను చెప్పను. వాళ్ళు అడగకుండా వేశారు అనడం వేరు, వేసింది విషం అనడం వేరు. మొదటిది ప్రజాస్వామిక విమర్శ. రెండోది పుకారు. పుకారును మనం మోస్తే రేపు దాన్ని వాడుకునేవాళ్ళు మనవాళ్ళు కారు.

ఈ వాదనకు బలమిచ్చే సంగతి ఇంకొకటుంది. మన పత్రికల్లో దాని గురించి పెద్దగా చదివిన గుర్తు లేదు. ఖమ్మంలో టీకాలు వేస్తున్న ఆ రోజుల్లోనే, అదే దాత డబ్బుతో, ఫ్రాన్స్‌లోని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ మన దేశంలో మరొక అధ్యయనం మొదలుపెట్టింది. 2009 సెప్టెంబరులో మొదలై, హైదరాబాదు, పుణె, బార్షీ, మిజోరం, సిక్కిం వంటి తొమ్మిది చోట్ల సుమారు 17,700 మంది బాలికలు అందులో చేరారు. రెండు మోతాదులు చాలునా, మూడు కావాలా అని తెలుసుకోవడం ఉద్దేశం. ఖమ్మం గొడవతో 2010 ఏప్రిల్‌లో అదీ ఆగిపోయింది. అప్పటికి చాలామందికి ఒకే మోతాదు పడింది. అయినా ఆ బాలికలను వదిలేయలేదు. ఏళ్ళ తరబడి వెంట వుండి పరీక్షించారు. ఒక్క మోతాదుతోనే రక్షణ చాలావరకు నిలుస్తున్నదని తేలింది. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒక్క మోతాదు కూడా సరిపోతుందని చెప్పడానికి ఆధారమైన పరిశోధనల్లో ఇది ముఖ్యమైనది. ఇవాళ ఆఫ్రికాలోని పేద దేశాలు ఒకే సూదితో సరిపెట్టుకోగలుగుతున్నాయంటే అందులో మన ఆడపిల్లల నెత్తురు బొట్టు వుంది. ఒకే టీకా, ఒకే ఏడు, ఒకే దాత, ఆగిపోవడమూ ఒకే నెలలోనే. తేడా ఎక్కడంటే, ఒకచోట వెంట వుండటాన్ని పనిలో భాగంగా లెక్కవేసుకున్నారు.

వెంట వుండటం ఆగిపోతే ఏమవుతుందో చూడాలంటే మాకు దూరం పోనక్కరలేదు. బాసరలో రైలెక్కి సికింద్రాబాదు పోతుంటే నిజామాబాదు దాటగానే డిచ్‌పల్లి వస్తుంది. ఇసబెల్ కెర్ అనే మిషనరీ వైద్యురాలు గత శతాబ్దం మొదట్లో అక్కడ కుష్ఠురోగుల ఆసుపత్రి నెలకొల్పింది. రాజా నర్సాగౌడ్ అనే స్థానిక సంపన్నుడు దానికి పెద్ద విరాళం ఇచ్చాడు. ఆమె మతప్రచారం సంగతి ఎట్లా వున్నా, రోగి పక్కనే కాపురముండి వైద్యం చేసింది. తర్వాతి కాలానికి వద్దాం. 1991లో ప్రపంచ ఆరోగ్య సభ, 2000 నాటికి పదివేల మందికి ఒకరికంటే తక్కువ రోగులు వుండాలని లక్ష్యం పెట్టింది. మందులు 1995 నుంచి జపాను నిప్పన్ ఫౌండేషన్, 2000 నుంచి నోవార్టిస్ కంపెనీ ఉచితంగా ఇచ్చాయి. మన కార్యక్రమానికి ప్రపంచ బ్యాంకు అప్పు ఇచ్చింది. 2005 డిసెంబరు చివరికి లక్ష్యం చేరామని దేశం ప్రకటించింది. మందు పనిచేసింది, లక్షల మంది బాగుపడ్డారు, కాదనను. అయితే లెక్క ఎట్లా వేస్తారు? ఆ రోజున మందు మింగుతూ రిజిస్టరులో వున్నవాళ్ళే రోగులు. తీవ్రమైన రకానికి మందు కాలం 24 నెలల నుంచి 12 నెలలకు తగ్గితే, ఒక్క కొత్త రోగి తగ్గకపోయినా రిజిస్టరు సగమవుతుంది. ప్రకటన తర్వాత ఇంటింటి వెతుకులాట సన్నగిల్లింది, నిధులు పక్కకు పోయాయి. కొత్త రోగులు మాత్రం ఆ తర్వాత పదేళ్ళకు పైగా ఏటా లక్షకు తగ్గలేదు.

దాతలు వద్దు, వాళ్ళ డబ్బు వద్దు అనే తీర్మానంతో ఈ చర్చను ముగించవచ్చునని కొందరు సహోద్యోగులు అంటారు. ఆ తీర్మానాన్ని మనకంటే ముందే అవతలివాళ్ళు చేశారు. 2025 జనవరి 20న అమెరికా కొత్త ప్రభుత్వం విదేశీ సహాయాన్ని నిలిపివేసింది. జూలై 1 నాటికి యు.ఎస్. ఎయిడ్ అనే సంస్థే లేకుండా పోయింది. హైదరాబాదులో 2021లో తెరిచిన మిత్ర్ క్లినిక్, ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల కోసం దేశంలో తెరిచిన మొదటి క్లినిక్ అంటారు, ఆ ఫిబ్రవరిలో మూతపడింది. అక్కడ మందులు తీసుకుంటున్నవాళ్ళు మర్నాడు ఎక్కడికి పోవాలో ముందుగా ఆలోచించినవాళ్ళు లేరు. ఇంకొక దెబ్బ ఎవరి కంటా పడనిది. దాదాపు 90 దేశాల్లో తల్లీబిడ్డల ఆరోగ్యాన్ని ఇంటింటి సర్వేతో కొలిచే కార్యక్రమం కూడా ఆ డబ్బుతోనే నడిచేది, అదీ ఆగిపోయింది. పైన చెప్పిన 74 లక్షల నిజమైన లెక్క బయటపడింది అటువంటి సర్వేల వల్లనే. అంటే మందూ వాడిదే, తూకం రాళ్ళూ వాడివే. రెండూ ఎత్తుకుపోయాడు.

మన దగ్గర వేరే తూకం లేకపోలేదు. ఉపాధి హామీ పనుల్లో 2006 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో, తర్వాత తెలంగాణలో జరుగుతున్న సామాజిక తనిఖీని మీలో చాలామంది చూసే వుంటారు. ఊరి నడుమ మస్టరు రోల్ పేరు పేరునా చదువుతారు. "ఎల్లయ్య, 14 రోజులు" అనగానే ఎల్లయ్య లేచి "నేను జేసింది ఎనిమిది రోజులే" అంటాడు. ఆ లేచి నిలబడటంలో ఒక సాహిత్య ప్రక్రియకు సరిపడే నాటకం వుంటుంది. దాని బలహీనతలు నాకు తెలుసు. తేల్చిన డబ్బు వసూలు కాకపోవడం, చిన్న ఉద్యోగి మీదే వేటు పడటం అందరూ చెప్పేవే. అయినా కాగితాన్ని మనిషి ముందు నిలబెట్టిన పద్ధతి అది. ఆరోగ్యంలో అటువంటిదే కొంతవరకు మాకు ఎదురుగా, సరిహద్దు అవతల మహారాష్ట్రలో జరిగింది. 2007లో గ్రామీణ ఆరోగ్య మిషన్ కింద తొమ్మిది రాష్ట్రాల్లో ప్రజా పర్యవేక్షణను ప్రయోగాత్మకంగా మొదలుపెట్టినప్పుడు మహారాష్ట్ర అందులో వుంది, మనం లేము. అక్కడ జన్ సున్వాయి పేరుతో డాక్టర్ల ముందు, అధికారుల ముందు ఆడవాళ్ళు తమకు జరిగినదీ జరగనిదీ చెప్పారు. భైంసా నుంచి భోకర్ ఎంత దూరమని? పత్తి బండ్లు వస్తాయి, పెళ్ళి సంబంధాలు వస్తాయి, ఈ సంగతి మాత్రం ఇటు రాలేదు.

భైంసాలో ఒక సౌకర్యం వుంది. ఇక్కడ తెలుగు, మరాఠీ, ఉర్దూ మూడూ ఇంటి భాషలే. 2016 అక్టోబరులో మేము ఆదిలాబాదు నుంచి విడివడి నిర్మల్ జిల్లాలో కలిశాం, కాగితాల మీద ఊరు పేరు పక్కన జిల్లా మారింది. అవి వచ్చే భాష మాత్రం మారలేదు. ఆరోగ్య ప్రచార పత్రం ఏది వచ్చినా రాజధాని తెలుగులో వస్తుంది. ఒక బీడీ కార్ఖానా గడపలో ముగ్గురు ఆడవాళ్ళు ఆ పత్రాన్ని మూడు భాషల్లో ఒకరికొకరు చెప్పుకోవడం నేను చూశాను. మొదటామె చదివింది, రెండో ఆమె మరాఠీలోకి మార్చింది, మూడో ఆమె ఉర్దూలో, "ఇదంతా సరేగాని మళ్ళీ ఎప్పుడొస్తారో రాసి వుందా?" అని అడిగింది.

పోయిన చలికాలంలో ఒక స్వచ్ఛంద సంస్థ మా కళాశాల అమ్మాయిలకు రక్తహీనత పరీక్షలు చేసి మాత్రలు ఇస్తానని ముందుకొచ్చింది. మంచి పనే. పత్రం కింద రెండు గీతలున్నాయి, ఒకటి తల్లి లేక తండ్రి సంతకానికి, రెండోది "లేనిచో కళాశాల ప్రతినిధి". అధ్యాపకులే సంతకాలు చేసి ఆ సాయంత్రమే ఇస్తే త్వరగా అవుతుందని వాళ్ళు సూచించారు. నేను ఒప్పుకోలేదు. సంక్రాంతి సెలవులకు పత్రాలు అమ్మాయిల చేతికిచ్చి ఇంటికి పంపాను. ఎట్లా చదివి వినిపించాలో ఒక గంట క్లాసులో సాధన చేయించాను, ఎవరి ఇంటి భాషలో వాళ్ళు. 60 పత్రాలు పోయాయి, 47 తిరిగి వచ్చాయి. నలుగురు తల్లులు వద్దన్నారు. ముగ్గురు తండ్రులు మాత్రలు సరే, నెత్తురు మాత్రం తీయవద్దన్నారు. తానూరు మండలం నుంచి వచ్చిన ఒక పత్రం వెనకవైపు పెన్సిలుతో, వంకర అక్షరాలతో మరాఠీలో ఒక వాక్యం వుంది: "కాహీ ఝాలం తర్ కోణాలా ఫోన్ కరాయచా?" ఏమైనా అయితే ఎవరికి ఫోన్ చెయ్యాలి?

పత్రాన్ని ముందూ వెనకా తిప్పి చూశాను. దాత సంస్థ గుర్తు వుంది, సహకార సంస్థ గుర్తు వుంది, ఫోన్ నెంబరు లేదు. ఆ వాక్యాన్ని తెలుగులోకి, ఇంగ్లీషులోకి మార్చి, మిగతా పత్రాలు పట్టుకుపోవడానికి వచ్చిన అబ్బాయి చేతికిచ్చాను. అడుగుతానన్నాడు. నెంబరు వచ్చాకనే పరీక్షలకు తారీకు ఇస్తామని మా అమ్మాయిలు చెప్పి పంపారు.